బీడీలు తాగే మా నాయనకు యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వేయొచ్చా?

ఎడమకాల్వ, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మా నాయనకు 62 ఏళ్లు, షుగర్ ఉంది, మందులు వాడుతున్నాడు. బీడీలు మాత్రం మానడు. పొద్దున చాయ్‌తో మొదలైతే రాత్రి పడుకునే దాకా జేబులో కట్ట ఉండాల్సిందే, ఎన్ని తాగుతున్నాడో ఆయనకే తెలియదు. ఈ మధ్య దగ్గు బాగా ఎక్కువైంది.

మా మేనబావ ఒకాయన మనుషుల్ని చేర్పిస్తే కమీషన్ వచ్చే కంపెనీలో చేరి, ఒక పొడి డబ్బా, ఒక మాత్రల డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టి పోయాడు. రెండూ కలిపి నెలకు మూడు వేల పైమాటే. ఆయన చెప్పేదేంటంటే ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పేరుకుపోయి కణాలను పాడు చేస్తాయట, షుగర్, గుండెజబ్బు, క్యాన్సర్ అన్నిటికీ మూలం అవేనట, యాంటీ ఆక్సిడెంట్లు వేసుకుంటే బీడీ పొగ చేసే నష్టాన్ని ఎప్పటికప్పుడు కడిగేస్తాయట. ఆ పొడి ఒక్క చెంచా కొన్ని కిలోల యాపిల్స్‌తో సమానమని కాగితం మీద అచ్చేసి మరీ చూపించాడు. మా అమ్మ అప్పుడే నమ్మేసింది. ఆమెను ఏమనలేను, ఇన్నేళ్లుగా బీడీలు మాన్పించలేక అలసిపోయిన మనిషికి రోజుకో మాత్రతో సరిపోతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఫ్రీ రాడికల్స్ అనేవి నిజంగా ఉంటాయా, లేక అమ్ముకోవడానికి పుట్టించిన మాటా? నాయనకు ఆ మాత్రలు మొదలుపెట్టమంటారా? తెలిసినవాళ్లు చెప్పండి, బావ ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.


పాలమూరు డైటీషియన్

తమ్ముడూ, ముందు దగ్గు సంగతి చూడండి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితంగా చేస్తారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీయించండి. షుగర్ ఉండి బీడీలు తాగే మనిషికి టీబీ వచ్చే అవకాశం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. ఈ ఒక్క పని మాత్రం ఆదివారం దాకా ఆపొద్దు.

ఇక మీ ప్రశ్న. ఫ్రీ రాడికల్స్ ఉన్న మాట నిజం. ఏ పదార్థం అణువులోనైనా ఎలక్ట్రాన్లు మామూలుగా జతలు జతలుగా ఉంటాయి. జత పోయి ఒంటరి ఎలక్ట్రాన్ మిగిలిందంటే ఆ అణువుకు నిలకడ ఉండదు, పక్కదాని దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, పోగొట్టుకున్నది మళ్లీ తన పక్కదాని మీద పడుతుంది. ఇట్లా వరసపెట్టి సాగి కణం పొరలోని కొవ్వు, లోపలి ప్రోటీన్లు, చివరికి డీఎన్‌ఏ కూడా దెబ్బతింటాయి. పొగ, ఎండ, వాయు కాలుష్యం వీటిని పెంచుతాయి. అయితే ఇవన్నీ బయటి నుంచే వస్తాయనుకోవద్దు, మనం తిన్న తిండిని ఆక్సిజన్‌తో కలిపి శక్తిగా మార్చే పనిలోనే కణాల లోపల ఇవి పుడుతుంటాయి, బతికున్నంత కాలం పుడుతూనే ఉంటాయి. ముసలితనానికి ఇవే కారణం కావచ్చని అమెరికాలో డెన్‌హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త 1956లో ప్రతిపాదించాడు, మీ బావ చెప్పే మాటలకు మూలం అక్కడుంది.

ఆయన చెప్పనిది ఒకటుంది. ఇవి ఒంటికి అవసరం కూడా. లోపలికొచ్చిన సూక్ష్మజీవులను చంపడానికి తెల్లరక్తకణాలు కావాలనే వీటిని తయారు చేసి వాటి మీద వదులుతాయి. పుట్టుకతోనే ఈ శక్తి లేని పిల్లలుంటారు, ఆ జబ్బును క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు, వాళ్లను చీముగడ్డలూ ఇన్‌ఫెక్షన్లూ ఒకదాని వెనక ఒకటి వదలకుండా పీడిస్తాయి. కాబట్టి మొత్తం తుడిచిపెట్టేస్తాం అనే మాటే తప్పు. కావాల్సింది అదుపు, ఆ అదుపు మనకు పుట్టుకతోనే ఉంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ చేసే పనిని 1969లో కనిపెట్టారు, దాంతోపాటు కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అని ఉన్నాయి. ఇవన్నీ కలిసి రాడికల్స్, వాటి నుంచి పుట్టే హానికర పదార్థాల సంగతి సెకనుకు లెక్కలేనన్ని చొప్పున చూస్తుంటాయి, ఏ మాత్రా వాటి పనికి సాటి రాదు. అయితే ఇవి తయారవ్వాలంటే జింక్, రాగి, మాంగనీస్, సెలీనియం, ఇనుము కావాలి, తినే తిండిలో ప్రోటీన్ ఉండాలి. జొన్నలు, పప్పులు, పల్లీలు, నువ్వులు, గుడ్లు, చేపలు తింటే అవి అందుతాయి. మూడు పూటలా పాలిష్ పట్టిన బియ్యం అన్నం, ఇంత కారం, ఇంత చారు పోసుకుని తింటే అందవు.

యాపిల్స్ లెక్క గురించి. ఓఆర్‌ఏసీ అని ఒక పరీక్ష ఉండేది, గాజు గొట్టంలో ఒక పదార్థం ఎంత ఆక్సీకరణను, అంటే రాడికల్స్ ఎలక్ట్రాన్లు లాక్కునే పనిని, ఆపుతుందో కొలిచేవారు. అమెరికా వ్యవసాయ శాఖ ఆ పరీక్ష అంకెల పట్టికను 2012లో వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకూ మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం తేలలేదు, కంపెనీలు మాత్రం వాటిని పట్టుకుని అమ్ముకుంటున్నాయి, అందుకే తీసేశారు. గొట్టంలో పనిచేసే, మొక్కల్లో ఉండే యాంటీ ఆక్సిడెంట్ పదార్థాలైన పాలీఫినాల్స్‌లో చాలావరకు పేగులు దాటి రక్తంలోకి వచ్చేది కొంచెమే, వచ్చింది కూడా త్వరగా రూపం మారిపోతుంది.

మాత్రల డబ్బా వెనక ఏముందో చదివి ఇక్కడ పెట్టండి. నాయన బీడీలు తాగుతాడంటున్నారు కాబట్టి అది ముఖ్యం.


తోటరైతు, నాంపల్లి

నేను డాక్టర్‌ను కాదు, బత్తాయి రైతును. మూడు వేలు పెట్టి డబ్బా కొనేవాళ్లు మన జిల్లా బత్తాయిని గంపలో చూసి కూడా పక్కకు పోతుంటే మనసు కష్టమైతుంది. తెమ్మని చెప్పినా జ్యూసే తెమ్మంటారు. గ్లాసు జ్యూస్‌కు మూడు నాలుగు కాయలు పిండి, పిప్పి పారేసి, పైనుంచి చక్కెర వేస్తారు. షుగర్ ఉన్న మనిషికి అది వద్దు. కాయ ఒలిచి తొనలు తినాలి, తొనల మీద తెల్లటి పొర ఉంటుంది చూడండి, చేదని గోటితో గీకి గీకి తీసేస్తారు, ఫ్లేవనాయిడ్లు అనే యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా ఉండేది ఆ పొరలోనూ తొక్కలోనూ అని మాకు ఉద్యానశాఖ మీటింగులో చెప్పారు. నేను ఆ పొరతోనే తింటాను, మా పిల్లలకూ అట్లనే అలవాటు చేశాను.

ఇంకో మాట. మా చిన్నప్పుడు చేలో కలుపు తీసి వచ్చేటప్పుడు మా అమ్మ కొంగులో గంగవాయిలి కూర, చెంచలి కూర, పొన్నగంటి పట్టుకొచ్చేది. ఇప్పుడు పత్తి చేలో గడ్డిమందు కొడితే పనికొచ్చే ఆకు కూడా మాడిపోతుంది. మందు కొట్టిన చేలో మిగిలినా తెచ్చుకోవద్దు. గట్టు మీదో, పెరట్లోనో, మందు తగలని చోట దొరికితే వదలొద్దు.


ఎడమకాల్వ, మిర్యాలగూడ

అక్కా, చాలా థ్యాంక్స్. రేపే నాయనను ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. డబ్బా చదివాను. రోజుకు ఒక మాత్రలో బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 ఐయూ (విటమిన్లను కొలిచే యూనిట్), విటమిన్ సి 1000 మిల్లీగ్రాములు, సెలీనియం, ద్రాక్ష గింజల సారం. బయటి దేశంలో తయారైంది. ఔషధంగా వాడేందుకు కాదు అని కింద చిన్న అక్షరాల్లో ఉంది, అది బావ చూపించలేదు.


మందుల షాపు, నల్లగొండ

ఆ మాత్రలు మీ నాయనకు వేయొద్దు. ఒక్కటి కూడా వద్దు. కారణం చెప్తాను, అమ్మకు కూడా చదివి వినిపించండి.

క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా ఉందని ఒకప్పుడు గమనించారు. అయితే వాటిలో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే పొగ తాగేవాళ్లు బతికిపోతారు కదా అని ఫిన్లండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉన్న 29,133 మంది సిగరెట్లు తాగే మగవాళ్ల మీద పెద్ద పరీక్ష పెట్టారు. అచ్చం మీ నాయన వయసు, అదే అలవాటు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో ఫలితం చూసి పరీక్ష పెట్టినవాళ్లే నమ్మలేకపోయారు, మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అదే సమయంలో అమెరికాలో పొగ తాగేవాళ్లు, తాగి మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనిలో ఉన్నవాళ్లు కలిపి 18 వేల మందికి పైగా జనం మీద కేరెట్ అనే పరీక్ష నడుస్తోంది. అందులో బీటా కెరోటిన్, విటమిన్ ఎ కలిపి ఇచ్చారు. క్యాన్సర్ 28 శాతం ఎక్కువ కనబడేసరికి 1996లో గడువుకు ముందే ఆపేశారు.

అంటే మీ బావ ఎవరికైతే ఇది కావాలంటున్నాడో, అంటే పొగ తాగేవాళ్లకు, ఇది చెడు చేస్తుందని తేలింది సరిగ్గా వాళ్లకే. పొగతో నిండిన ఊపిరితిత్తుల్లో, ఎక్కువ మోతాదులో, బీటా కెరోటిన్ తానే ఆక్సీకరణ చెంది హానికరంగా మారుతుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. తిండిలోని కెరోటిన్‌తో ఈ భయం లేదు. ఆ ఫిన్లండ్ పరీక్షలోనే మొదటి నుంచి భోజనంలో కెరోటిన్ ఎక్కువ తీసుకునేవాళ్లలో క్యాన్సర్ తక్కువగానే ఉంది. మునగాకు తినమనండి, క్యారెట్ తినమనండి, మాత్ర వద్దు.

విటమిన్ ఇ సంగతి కూడా అంతే. 400 ఐయూ చొప్పున ఇచ్చి సెలెక్ట్ అనే పరీక్షలో 35 వేల మందికి పైగా మగవాళ్లను గమనిస్తే, వేసుకున్నవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో ప్రకటించారు. రక్తం పలుచబడే మందు వాడేవాళ్లకైతే రక్తస్రావం భయం అదనం. విటమిన్ సి రోజుకు 1000 మిల్లీగ్రాములు మాత్రగా వేసుకునే మగవాళ్లలో కిడ్నీ రాళ్లు రెట్టింపు కనిపించాయని స్వీడన్ నుంచి 2013లో వచ్చింది, మన ఎండలకు నీళ్లు సరిగ్గా తాగక రాళ్లతో ఆసుపత్రికి పోయేవాళ్లు ఎంతమందో నా షాపు ముందు నిలబడితే తెలుస్తుంది. పైగా విటమిన్ సి మోతాదు బాగా ఎక్కువైతే ఇంట్లో వేలికి పొడిచి చూసుకునే కొన్ని షుగర్ మిషన్లు తప్పు రీడింగ్ చూపిస్తాయి. ఆ తప్పు రీడింగ్ చూసి మందు మార్చుకున్నారంటే ప్రమాదం.

నేను కౌంటర్ మీద ఇట్లాంటివే అమ్ముకోవచ్చు, లాభం మందుల మీద కన్నా వీటిమీదే ఎక్కువ. అడిగినవాళ్లకు మాత్రం ఇదే చెప్తాను. పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత నంబర్ 1800-112-356 ఉంది, ఫోన్‌లోనే మాట్లాడి దారి చూపిస్తారు. నికోటిన్ చూయింగ్ గమ్ కూడా దొరుకుతుంది, డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి. ఊపిరితిత్తుల్లో రాడికల్స్ తగ్గించడానికి బీడీ మానడం కన్నా బలమైన మందు లేదు.


మర్రిగూడ బిడ్డ

మా వైపు కూడా ఇవే డబ్బాలు తిరుగుతున్నాయి, మా దగ్గర ఇంకో రకంగా అమ్ముతున్నారు. ఎముకల్లో పట్టిన ఫ్లోరైడ్‌ను యాంటీ ఆక్సిడెంట్ కడిగేస్తుందని చెప్తున్నారు. బోరు నీళ్లు తాగి తాగి వంగిపోయిన ముసలివాళ్లకు ఆ మాట చెప్పడానికి నోరెట్లా వస్తుందో నాకు అర్థం కాదు. ఎముకకు పట్టి వంకర తెచ్చిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. చేయాల్సింది ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగడం, వంటకూ అవే వాడటం, ఇప్పుడు నల్లా నీళ్లు వస్తున్నా కొందరు రుచి బాగుందని ఇంకా బోరు నీళ్లే తెచ్చుకుంటున్నారు. పాలు, రాగులు, ఆకుకూరలతో కాల్షియం, జామ, ఉసిరి, నిమ్మతో విటమిన్ సి బాగా అందేలా చూసుకుంటే ఫ్లోరైడ్ చేసే కీడు కొంత తగ్గుతుందని మాకు చెప్పిన మాట.

గ్రీన్ టీ గురించి కూడా జాగ్రత్త. యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని మా పట్నం చుట్టాలు పెట్టెలు పెట్టెలు పంపిస్తున్నారు. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకుల్లో దాచుకుంటుంది, నల్ల చాయ్ అయినా గ్రీన్ టీ అయినా. ఇప్పటికే ఒంట్లో ఫ్లోరైడ్ నిండిన మనిషికి రోజుకు నాలుగైదు కప్పులు తాగించడం మంచిది కాదు. నీళ్లలో ఫ్లోరైడ్ లేని ఊళ్లవాళ్లకు బాధ లేదు, మా మండలం వాళ్లు మాత్రం ఆలోచించాలి.


అచ్చంపేట

అందరూ యాంటీ ఆక్సిడెంట్ మాత్రలన్నీ మోసమే అన్నట్టు రాస్తున్నారు. మా అమ్మకు కంటి డాక్టర్ స్వయంగా రాసిచ్చాడు, కంటి వెనక పొర దెబ్బతింటోందని. ఆపేయమంటారా?


పాలమూరు డైటీషియన్

ఆపొద్దు అన్నా. అది వేరే సంగతి. వయసుతో వచ్చే మాక్యులర్ డీజనరేషన్ అనే కంటి జబ్బు ఒక దశకు చేరినవాళ్లకు విటమిన్ సి, ఇ, జింక్ లాంటివి కలిపిన మాత్ర జబ్బు ముదరడాన్ని నెమ్మది చేస్తుందని పెద్ద పరీక్షల్లో తేలింది. మొదట ఆ మాత్రలో బీటా కెరోటిన్ ఉండేది, పొగ తాగేవాళ్లకు ప్రమాదమని తెలిశాక 2013లో వచ్చిన రెండో పరీక్ష తర్వాత దాని స్థానంలో ల్యూటిన్, జియాజాంథిన్ అనే పదార్థాలు పెట్టారు. మీ అమ్మగారు చుట్ట తాగుతారా, లేదా ఒకప్పుడు తాగేవారా అనేది డాక్టర్‌కు చెప్పి, ఆమె వాడేది ఏ రకమో అడగండి. జబ్బు ఏదో తెలిసి, పరీక్షించి రాసిన మందుకూ, ఊరంతా ఒకే డబ్బా పంచేదానికీ పోలిక లేదు.

మిర్యాలగూడ తమ్ముడికి ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాయనను షుగర్ కోసం నడవమని చెప్పే ఉంటారు. జర్మనీలో 2009లో ఒక పరీక్ష చేశారు, కుర్రవాళ్లతో వ్యాయామం చేయించి సగం మందికి విటమిన్ సి, ఇ మాత్రలు ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్లలో ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, వేసుకున్నవాళ్లలో కాలేదు. వ్యాయామంలో పుట్టే కొద్దిపాటి రాడికల్సే కండరానికి బలపడమని చెప్తాయి, ఆ మాట వినబడకుండా మాత్రలు నోరు మూస్తాయన్నమాట. నాయన పొద్దున్నే కాలువగట్టు మీద నడిచి వచ్చి ఆ మాత్ర వేసుకుంటే నడక ఫలితం కూడా పోగొట్టుకునే అవకాశం ఉంది.


ఎడమకాల్వ, మిర్యాలగూడ

అమ్మకు ఫిన్లండ్ సంగతి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత డబ్బాలు రెండూ సంచిలో పెట్టి ఆదివారం వచ్చినప్పుడు ఇచ్చెయ్ అంది. నాయన బీడీల సంగతి ఇంకా తేలలేదు, ఆ నంబర్‌కు నేనే ముందు మాట్లాడతాను. ఇప్పుడు అమ్మ అడిగేది ఏంటంటే, మరి వంటలో ఏం మార్చాలి? మా ఇంట్లో మూడు పూటలా అన్నమే, ఆకుకూర వారానికి ఒకటి రెండుసార్లు. సాయంత్రం నాయనకు మిర్చి బజ్జీ కావాలి.


పాలమూరు డైటీషియన్

అమ్మగారికి నా నమస్కారాలు. ఒక్కసారే అన్నీ మార్చొద్దు, నాయన ఎదురు తిరుగుతాడు.

రాత్రి పూట అన్నం బదులు జొన్న రొట్టె. మా పాలమూరులో పచ్చ జొన్నలు దొరికితే అవే తెచ్చుకుంటాం, మీ దగ్గర ఏ జొన్నలైనా సరే, పిండి జల్లెడ పట్టి పొట్టు పారేయొద్దు, జొన్నలో పాలీఫినాల్స్ ఉండేది పైపొరలోనే. దాంతో రోజూ ఏదో ఒక ఆకుకూర, పుంటికూర, తోటకూర, పాలకూర, మెంతికూర, మునగాకు, దొరికినప్పుడు చింతచిగురు. కోసి కడగడం కాదు, కడిగి కోయాలి, లేకపోతే విటమిన్ సి నీళ్లలో పోతుంది. ఉడికించి నీళ్లు వంపేయొద్దు, మూతపెట్టి కొద్ది నీళ్లతో మగ్గనిచ్చి దించాక నిమ్మకాయ పిండాలి, పొయ్యి మీద పిండితే వేడికి విటమిన్ సి కొంత పోతుంది. ఆ నిమ్మరసం ఆకులోని ఇనుమును కూడా ఒంటికి పట్టిస్తుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము సరిగ్గా పట్టదు, గంట ఆగాలి. కెరోటిన్ కొవ్వులో కరిగేది కాబట్టి చెంచాడు నూనె ఉండాలి, టమాటలోని లైకోపిన్ కూడా పచ్చిదానికన్నా నూనెలో మగ్గినప్పుడే బాగా పడుతుంది, అంటే మన టమాట పప్పు, టమాట తొక్కు సరైన పద్ధతే. గుప్పెడు పల్లీలు ఇస్తే విటమిన్ ఇ కోసం వేరే మాత్ర అక్కర్లేదు.

పండు విషయంలో, మగవాళ్లకు విటమిన్ సి రోజుకు 80 మిల్లీగ్రాములు సరిపోతుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. వంద గ్రాముల జామకాయలో అంతకు రెట్టింపు కన్నా ఎక్కువే ఉంటుంది. షుగర్ ఉన్నా దోరకాయ ఒకటి తినొచ్చు, బాగా మగ్గింది వద్దు. బత్తాయి అయితే రైతన్న చెప్పినట్టు తొనలతోనే, భోజనం పైన కాకుండా మధ్యలో. వానాకాలంలో నేరేడు, చలికాలంలో ఉసిరి. సీతాఫలం మాత్రం మా బాలానగర్ కాయ ఎంత బాగున్నా నాయనకు రెండు మూడు చెంచాల గుజ్జు చాలు. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువ ఉందని డాక్టర్ ఎప్పుడైనా అని ఉంటే పండ్లు, ఆకుకూరల కొలత ఆయన్నే అడగాలి, పొటాషియం సంగతి ఉంటుంది.

బజ్జీ. నాయనకు బయటి బజ్జీ వద్దని చెప్పడం బజ్జీ మీద కోపంతో కాదు, ఆ నూనె మీద. పొద్దున పోసిన నూనెలోనే సాయంత్రం దాకా వేయించి, తగ్గినప్పుడల్లా కొత్త నూనె పోసి మర్నాడు మళ్లీ అదే మూకుడు వెలిగిస్తారు. నురుగు తగ్గకుండా పొంగుతూ, నల్లగా చిక్కబడి, పొగ త్వరగా వస్తోందంటే ఆ నూనె ఆక్సీకరణ చెంది పాడైనట్టే. పాడైన పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ పెట్టిన నియమం 2018 నుంచి అమల్లో ఉంది, రోడ్డు పక్క మూకుడులో దాన్ని కొలిచేవాళ్లు ఎవరున్నారు. వారానికోసారి ఇంట్లో తక్కువ నూనె పోసి అమ్మనే చేయమనండి, మిగిలిన నూనె వడకట్టి ఒకటి రెండు రోజుల్లో తాలింపుకు వాడేయాలి, మళ్లీ వేపుడుకు పెట్టొద్దు.

తెమడ పరీక్ష రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి తమ్ముడూ, దాన్ని బట్టి నాయనకు తిండి కొలత చెప్తాను. టీబీ అని తేలితే ప్రోటీన్ బాగా పెంచాల్సి వస్తుంది, గుడ్లు రోజుకు రెండు పెట్టాలి.